ఎడమ మర

మాదిగగూడెంలో మా యింటి ముందు వేపచెట్టు కింద ఒక అమెరికా కారు ఉంది. డాడ్జ్ కింగ్స్‌వే. 1951 మోడలు. బళ్ళో నాతో పనిచేసే మాస్టార్లు ఎప్పుడన్నా ఇంటికొస్తే దాన్ని చూసి నవ్వుతారు. "ఏం మాస్టారూ, మీ తాతలు జమీందార్లా?" అంటాడొకాయన. మా తాతలెవరో ఆయనకి తెలుసు. తెలిసే అడుగుతాడు. ఇన్నాళ్ళూ నేనూ నవ్వేసి, టీ ఇచ్చి పంపేవాణ్ణి. ఈసారి నవ్వను. చెబుతాను.

మా తాతలు జమీందార్లు కారు. జమీందార్ల కారుకి సీట్లు కుట్టినవాళ్ళు.

కింగ్స్‌వే అంటే రాజుగారి దారి. ఆ పేరున్న కారు మా ఊళ్ళోకి వచ్చిన రోజుల్లో మా తాత పెద్దబజారు మొదట్లోనే చెప్పులు విప్పి చేతబట్టుకునేవాడు. తలగుడ్డ తీసి చంకలో పెట్టుకునేవాడు. ఆ చెప్పులు ఆయన కుట్టుకున్నవే. ఊళ్ళో అందరి కాళ్ళకీ చెప్పులు కుట్టినోడు తన చెప్పులు తాను మోసుకుంటూ నడిచేవాడు.

కారు కొన్నది మా ఊరి కామందు తండ్రి. బియ్యం మిల్లూ, మాగాణీ ఉన్న ఇల్లు. అప్పట్లో డెట్రాయిట్ నుంచి విడిభాగాలు పెట్టెల్లో ఓడెక్కి వచ్చి బొంబాయిలో దిగితే, కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్ళు బిగించి అమ్మేవాళ్ళు. క్రైస్లర్ కంపెనీ సరుకు అది. ఆ కంపెనీలో కార్లకి మెట్లుండేవి. అన్నిటికన్నా కింద ప్లిమత్. దాని మీద డాడ్జ్. దాని మీద డిసోటో. ఆపైన క్రైస్లర్, ఇంపీరియల్. పరాయి దేశాలకి పంపేటప్పుడు మాత్రం ఆ అడుగు మెట్టు ప్లిమత్ ఒంటికే మూతి మీద వేరే కమ్మీలు బిగించి, ఒకదాన్ని డాడ్జ్ కింగ్స్‌వే అనేవాళ్ళు, ఇంకోదాన్ని డిసోటో డిప్లొమాట్ అనేవాళ్ళు. ఒళ్ళు ఒకటే. మూతి మీద రేకు మారితే మర్యాద మారుతుంది. ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నాకేం వింతనిపించలేదు. ఇంటిపేరు వినగానే గొంతు మారిపోయే దేశంలో పుట్టినోణ్ణి.

నన్ను నిద్రపోనివ్వని సంగతి ఇంకోటుంది. 1935 నుంచి 1950 దాకా క్రైస్లర్‌కి అధ్యక్షుడు కె.టి. కెల్లర్ అనే ఆయన. కారులో కూర్చున్న మగమనిషి నెత్తిన టోపీ తియ్యాల్సిన పని ఉండకూడదని ఆయన పట్టుదల. అందుకని పైకప్పు ఎత్తుగా, నిటారుగా పెట్టించాడు. పక్క కంపెనీల కార్లు పొట్టిగా, పొడుగ్గా, సోకుగా మారిపోతుంటే ఇది మాత్రం పెట్టె మీద పెట్టె పెట్టినట్టు నిలబడింది. కుర్రకారు మొహం తిప్పుకున్నారు. 1950ల మొదట్లో ఆ కంపెనీ ఫోర్డ్ వెనక్కి పడిపోయింది. 1955 మోడళ్ళకొచ్చేసరికి కెల్లర్ ఎత్తు పోయి, కార్లు కిందికి దిగాయి.

ఎవరి నెత్తి మీది టోపీ కోసమో అమెరికాలో ఎత్తుగా కట్టిన కారు, నెత్తిన గుడ్డ ఉంచుకోనివ్వని మా ఊరికొచ్చింది. వింతంటే ఇది.

అమెరికాలో పాత కార్లని కొని, కోసి, అతికి, సొంత రూపం ఇచ్చుకోవడం పెద్ద విద్య. పైకప్పుని మోసే కమ్మీలను అడ్డంగా కోసి, కొన్ని అంగుళాలు తీసేసి, కప్పుని కిందికి దించి మళ్ళీ అతుకుతారు. 1949 మెర్క్యురీ లాంటి కార్లకి ఆ భోగం బాగా దక్కింది. లాస్ ఏంజెలిస్ తూర్పు పేటల్లో మెక్సికన్ సంతతి కుర్రాళ్ళు పాత షెవర్లేలని నేలకి ఆనేటట్టు దించి, జనం చూడాలని మెల్లమెల్లగా నడిపేవాళ్ళు. ఇంకొకడు వాడి వదిలేసిన బండిని మా బండి అనిపించుకోవడం అది. ఆ సోకులకి ప్లిమత్ ఒంటిని ఏరుకున్నవాళ్ళు తక్కువ. గుమాస్తాల బండి, బడిపంతుళ్ళ బండి అనే పేరు దానిది. ఇప్పుడు బడిపంతులింటి ముందే ఉంది కదా, పేరు నిలబెట్టుకున్నట్టే.

మా తాత సంగతికొస్తా. కారొచ్చిన కొన్నేళ్ళకి దాని సీటు గుడ్డ చిరిగింది. కామందు తండ్రికి తోలు సీటు కావాలనిపించింది. మా తాతకి కబురొచ్చింది. మా లందలో సున్నంలో నానబెట్టి, తంగేడు చెక్కతో ఊనిన తోలు. ఆరె, దారం, మైనం. మిల్లు వెనక షెడ్డులో కూర్చుని ముందు సీటు, వెనక సీటు కుట్టాడట. సీటు సరిగ్గా కుదిరిందో లేదో కూర్చుని చూస్తేనే తెలుస్తుంది. ఆయన మాత్రం చేత్తో నొక్కి చూశాడు. ఆయన వెళ్ళాక సీట్ల మీద పసుపునీళ్ళు చల్లారని మా నాయనమ్మ చెప్పేది. కూలీ కింద రెండు కుంచాల వడ్లు.

మన భాషే మనల్ని వెక్కిరిస్తుంది చూడండి. తోలు మాది. బండి తోలడం మాత్రం మాది కాదు.

1973లో పెట్రోలు ధర మండిపోయాక ఆ కారుకి రోజులు చెల్లాయి. ఆరు సిలిండర్లు, మూడున్నర లీటర్ల పై చిలుకు ఇంజను. లీటరుకి ఆరేడు కిలోమీటర్లు మించి ఇచ్చేది కాదట. కామందు అంబాసిడర్ కొన్నాడు. దీన్ని మిల్లు షెడ్డులోకి నెట్టారు. పాతికేళ్ళు అక్కడే ఉంది. టైర్లు నేలలోకి దిగబడ్డాయి. కోళ్ళు పొదగేసుకున్నాయి. చిన్నప్పుడు మేం షెడ్డు కిటికీలోంచి దాన్ని చూసి దెయ్యం కారు అని పరిగెత్తేవాళ్ళం.

మా నాయన బెజవాడ ఆటోనగర్‌లో సీట్లు కుట్టే షాపులో పనిచేసేవాడు. లందలు పోయాయి, తోలు పోయింది, రెక్సిన్ వచ్చింది. ఆరె మాత్రం అదే. 1998లో షెడ్డు కూలగొడుతున్నారని తెలిసి వెళ్ళి, ఆ కారు అమ్ముతారా బాబుగారూ అని అడిగాడు. కామందు కొడుకు, "నీకెందుకురా అది, తోలడం వచ్చా?" అని నవ్వాడట. మర్నాడే పాత ఇనుము కొనేవాడికి తూకానికి అమ్మేశాడు. ముక్కలైపోయినా ఫర్లేదు, మాదిగోడి చేతికి పోకూడదు. మా నాయన ఆ ఇనుముకొట్టు ముందు రెండ్రోజులు కూర్చుని, అక్క పెళ్ళికని వేసిన చీటీ పాడి, తూకం మీద రెండు వేలు ఎక్కువిచ్చి కారునీ దాని కాగితాల్నీ తెచ్చాడు. మా అమ్మ నెలరోజులు మాట్లాడలేదు. "పిల్ల పెళ్ళి డబ్బుతో తుక్కు కొన్నాడు మొగుడు" అని వాడంతా చెప్పింది.

ఆటోనగర్ మెకానిక్ ఒకాయన, మేం సాయిబు మామ అనేవాళ్ళం, ఆదివారాలు వచ్చేవాడు. మొదటి రోజు చక్రాలు విప్పడం దగ్గరే పని ఆగిపోయింది. కుడివైపు రెండు చక్రాలూ ఊడొచ్చాయి. ఎడమవైపువి రాలేదు. తుప్పనుకుని కిరసనాయిలు పోశారు. పానాకి గొట్టం తొడిగి, ఇద్దరూ వేలాడారు. ఒక బోల్టు తల తెగిపోయింది. ఇంకోటి తెగింది. సాయిబు మామ తిట్టని తిట్టు లేదు.

నేనప్పుడు ఆరో తరగతి. ఆ ఏడే ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకున్నా. కనపడిన ప్రతి డబ్బా మీదా ఏముందో చదివే పిచ్చి. తెగిపడిన బోల్టు తల మట్టిలోంచి తీసి, లాగుకి తుడిచి చూశా. దాని మీద ఎల్ అని ఉంది. మిగతావీ చూశా. ఎడమవైపు అన్నిటి మీదా ఎల్. కుడివైపు వాటి మీద లేదు.

"నాయనా, ఎల్ అంటే లెఫ్టు. ఇవి ఎటు తిప్పాలో!" అన్నా.

సాయిబు మామ ఒక నిమిషం నా వంక చూశాడు. గొట్టం తీసేసి, పానా పెట్టి, మామూలుగా బిగించేవైపు తిప్పాడు. కిర్రుమని బోల్టు వదిలింది.

క్రైస్లర్ బళ్ళకి అప్పట్లో ఎడమవైపు చక్రాల బోల్టులకి ఎడమ మర పెట్టేవాళ్ళు. చక్రం తిరిగే దిశకి బోల్టు తనంతట తాను వదులు కాకూడదని ఆ ఏర్పాటు. తెలియనివాడు ఊడదీస్తున్నాననుకుని ఇంకా ఇంకా బిగిస్తుంటాడు. బలం ఎంత ఎక్కువ పెడితే అంత బిగుసుకుంటుంది. చివరికి తెగుతుంది గానీ ఊడదు. అది తెలియడానికి కావలసింది బలం కాదు, ఒక్క అక్షరం. ఆ రాత్రి మా నాయన ఆ ఎల్ బోల్టు తలని చేతిలో తిప్పుతూ చాలాసేపు కూర్చున్నాడు. "సదువంటే ఇదన్నమాట" అన్నాడు. నన్ను బడి మానిపించి షాపులో చేర్చాలన్న మాట మళ్ళీ ఆ నోట రాలేదు.

రెండేళ్ళు పట్టింది. పాత ఇంజను తీసి మెటడోర్ డీజిలింజను, దాని గేరుబాక్సుతో సహా దింపారు. స్టీరింగు పక్కనుండే గేరు రాడ్డు పోయింది. నేల రేకు కోసి గేరు కిందికి తెచ్చారు. ఇంజను కూర్చోడానికి కమ్మీలు కోసి వెల్డింగు పెట్టారు. ప్రొపెల్లర్ షాఫ్టు పొడవు చాలకపోతే లేతు మీద అతికించారు. కారుకున్న కరెంటు ఆరు వోల్టులు. అందులో బ్యాటరీ పాజిటివ్ కొసని ఒంటికి కలిపిన పాతకాలం పద్ధతి. దాన్ని పన్నెండు వోల్టులకి మార్చి, నెగిటివ్ కొసని ఒంటికి కలిపారు. ఇప్పుడు నేను పిల్లలకి భౌతికశాస్త్రం చెబుతూ ఈ పాఠం దగ్గర ఆగి, మా కారు కథే చెబుతా. కింది కొస పైకొచ్చినా బల్బు వెలిగింది పిల్లలూ అంటా. కొందరు నవ్వుతారు. వెనక బెంచీలో ఎవడో ఒకడు నవ్వడు. వాడికి అర్థమయ్యుంటుంది.

సీట్ల దగ్గరకొచ్చేసరికి మా నాయన ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. పైన కామందులు వేయించిన రెక్సిన్ తొడుగుంది. చించి తీస్తే కింద తోలు. బిగుసుకుపోయి, నల్లబడి, అక్కడక్కడా ఎలుకలు కొట్టి ఉంది. మా నాయన కుట్టు మీద వేలు పెట్టి అట్లా కొస దాకా పోనిచ్చాడు. ప్రతి చోటా రెండు కుట్లు దగ్గరగా, మూడోది ఎడంగా. "మా అయ్య కుట్టు" అన్నాడు. తర్వాత మాట్లాడలేదు. వెనక సీటు మీద మంచిగా ఉన్నంత మేర ఆ తోలుని నూనె పెట్టి మెత్తబరిచి, అట్లాగే ఉంచాడు. మిగతాది కొత్తగా కుట్టాడు. రెండు కుట్లు దగ్గరగా, మూడోది ఎడంగా.

రంగు దగ్గర గొడవొచ్చింది. పెళ్ళి బండికి తెలుపు బాగుంటుందని మా అమ్మ. నీలం వెయ్యాల్సిందేనని వాడలో కుర్రాళ్ళు. 1994లో దండోరా పుట్టిన తర్వాత వేడి తగ్గని రోజులు. చివరికి కింద నీలం, పైకప్పు తెలుపు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం బండిని మారిస్తే రిజిస్టరు చేసే అధికారికి చెప్పాలి. ఇంజను మారిందనీ రంగు మారిందనీ అర్జీ పెట్టాం. కొన్నాళ్ళు తిప్పించుకుని, పుస్తకంలో ఎక్కించారు. ఆ పుస్తకం మా నాయనకి చదివి వినిపిస్తే, "అర్జీ పెడితే బండికి వర్ణం మారుస్తారన్నమాట. మనకే ఏ ఆఫీసూ లేదు" అన్నాడు. నేను చాలా పుస్తకాలు చదివాను గానీ వర్ణం గురించి ఇంతకన్నా సూటి మాట ఎక్కడా చూళ్ళేదు.

2000 వేసవిలో అక్క పెళ్ళి. ఊరేగింపు పెద్దబజారులోంచి పోవాలా వద్దా అని వాడలో మూడు రాత్రులు మాట్లాడుకున్నారు. అంతకుముందు మా వాడ పెళ్ళి ఏదీ అటు పోలేదు. చెరువుగట్టు మీదుగా చుట్టూ తిరిగి వచ్చేది. కారంచేడు 1985, చుండూరు 1991. పెద్దలకి ఆ రెండు అంకెలూ వేళ్ళ కొసల మీద ఉన్నాయి. కుర్రాళ్ళు మాత్రం పోవాల్సిందేనన్నారు. మా నాయన చివరికి ఒకటే అన్నాడు. "కారు పేరే రాజుగారి దారంట. గట్టు మీద పట్టదులే."

ముందు డప్పులు. పెట్రోమాక్సు లైట్లు. ముందు సీట్లో నాయన, నేను, సాయిబు మామ. వెనక అక్కా, బావా, పక్కన మా నాయనమ్మ. బావ నెత్తిన పెళ్ళి తలపాగా. నిటారుగా కూర్చున్నాడు. కప్పుకీ తలపాగాకీ మధ్య ఇంకా బెత్తెడు ఖాళీ. అమెరికాలో మనసున్నవాళ్ళెవరైనా ఈ కారుని కొని ఉంటే కప్పు కోసి కిందికి దించేవాళ్ళేమో. మేం ఒంట్లో సగం మార్చాం గానీ కప్పు జోలికి పోలేదు. అప్పుడు మాకు కెల్లర్ ఎవరో తెలీదు. తలెత్తుకుని కూర్చోడానికి బాగుందని మాత్రం తెలుసు.

కామందు మేడ వచ్చింది. అరుగు మీద కుర్చీలో ఆయనున్నాడు. కారు నడుస్తూనే ఉంది. నేను మా నాయన పక్కనే ఉన్నాను, నా కళ్ళారా చూశాను. ఆయన కుడిచేయి స్టీరింగు వదిలింది. పైకి లేచింది. నెత్తిన ఉన్న తలగుడ్డని తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆయన చెయ్యలేదా పని. చెయ్యే చేసింది. ముక్కలైపోతున్న కారుని కాపాడి, కోసి, అతికి, రెండేళ్ళు రక్తం పోసి నిలబెట్టినవాడు, తన సొంత కారులో, తన కూతురి పెళ్ళిలో, ఆ మేడ ముందు తల బోడి చేసుకున్నాడు.

నాకు సిగ్గేసింది. ఏడుపొచ్చింది. పదమూడేళ్ళ పిల్లవాడికి తండ్రి మీద వచ్చే కోపం ఎట్లా ఉంటుందో చెప్పలేను.

వెనకనించి మా నాయనమ్మ గొంతు వినపడింది. డప్పుల మోతలోనూ స్పష్టంగా వినపడింది. "గుడ్డ నెత్తిన పెట్టుకోరా. మీ అయ్య కుట్టిన సీటు మీద నేను కూసోనుండగా ఎవుడికి దించుతున్నావురా?"

మా నాయన కారు ఆపాడు. సరిగ్గా మేడ ముందే. రెండు చేతులతో గుడ్డ చుట్టుకున్నాడు. మళ్ళీ గేరు వేశాడు. కామందు ఏమీ అనలేదు. ఆయన మమ్మల్ని చూళ్ళేదు. కారునే చూస్తూ ఉండిపోయాడు.

ఇక్కడితో ఆపితే కథ బాగుంటుంది. కానీ ఆ రాత్రే ఎవరో రాయి విసిరారు. ఈ కారు ముందద్దం రెండు ముక్కలు, మధ్యలో కమ్మీ. ఎడమ ముక్క పొడి అయింది. కేసు పెట్టాలని కుర్రాళ్ళు. 1989 చట్టం ఉందని మా వాడలో అందరికీ తెలుసు. మా నాయన ఒప్పుకోలేదు. "రేపు అల్లుడూ కూతురూ ఈ బజారునే రావాల" అన్నాడు. వంపు లేని అద్దం కాబట్టి ఆటోనగర్‌లో కోయించి తెచ్చి బిగించాడు. ఆ ముక్క కొంచెం పచ్చగా ఉంటుంది. ఇప్పటికీ ఆ అద్దంలోంచి చూస్తే ఊరు ఒకవైపు ఒక రంగు, ఇంకోవైపు ఇంకో రంగు. కేసు పెట్టి ఉండాల్సిందని నేను ఇప్పటికీ అంటా. ఆయన ఇప్పటికీ మాట్లాడడు.

తర్వాత మా వాడ పెళ్ళిళ్ళన్నీ పెద్దబజారునే పోతున్నాయి. అందరూ ఈ కారులోనే. డబ్బు తీసుకోం. డీజిలు పోయించుకుంటాం.

2021లో కేంద్ర ప్రభుత్వం యాభై ఏళ్ళు దాటిన బళ్ళకి వింటేజ్ గుర్తింపు ఇస్తూ నియమాలు పెట్టింది. నాకు ఆశ పుట్టింది. చదివితే అందులో ఒక షరతు. బండి అసలు రూపంలోనే ఉండాలి, పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. మాది కుదరదు. 2019లో సుప్రీంకోర్టు కూడా కంపెనీ చెప్పిన రూపానికి విరుద్ధంగా బండిని మార్చకూడదని చెప్పింది. రోడ్డు మీద భద్రత కోసం ఆ మాట సబబే. కానీ అసలు రూపం అన్న మాట వినగానే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. ఈ కారు అసలు రూపం అంటే మా తాత కూర్చోకూడని రూపం. దాన్నెవరు దాచుకుంటారు?

డెట్రాయిట్‌ని ఆనుకుని ఉన్న డాడ్జ్ ఫ్యాక్టరీ గురించి చదువుతుంటే ఇంకో సంగతి దొరికింది. 1968లో అక్కడి నల్లజాతి కార్మికులు ఒక సంఘం పెట్టుకున్నారు. డాడ్జ్ రెవల్యూషనరీ యూనియన్ మూవ్‌మెంట్. నాలుగు మాటల మొదటి అక్షరాలు కలిపితే డ్రమ్. అంటే మన డప్పు. మా కారు మీది పేరే వాళ్ళ డప్పులో మొదటి అక్షరం. ఆ రోజు రాత్రి మా నాయనకి చెబితే, "వాళ్ళూ మనోళ్ళేరా" అన్నాడు.

చివరిగా నా సంగతి ఒకటి చెప్పాలి. చెప్పకపోతే ఇదంతా మా నాయన మీద చాడీ అవుతుంది. 2012 డిఎస్‌సిలో సెలెక్టయి బళ్ళో చేరా. స్టాఫ్‌రూములో కుర్చీలు ఖాళీగానే ఉండేవి. నేను గుమ్మం పక్కన బెంచీ మీద కూర్చునేవాణ్ణి. అక్కడ కూర్చోమని ఎవరూ చెప్పలేదు. రెండేళ్ళు అట్లాగే గడిచాక ఒకరోజు నాకే తట్టింది. మేడ ముందు మా నాయన చెయ్యి లేచినట్టే, నా కాళ్ళు నన్ను బెంచీ దగ్గరికి తీసుకెళ్తున్నాయి. మర్నాడు కుర్చీలో కూర్చున్నా. పాఠం చెప్పడం కంటే అది కష్టమైంది.

మన లోపలున్న భయానిది ఎడమ మర. చదువుకున్నాం, ఉద్యోగం వచ్చింది, ఇంక ఊడిపోయిందని తిప్పుతుంటాం. ఒక్కోసారి అది ఇంకా బిగుస్తుంటుంది. బోల్టు తల మీద ఏం రాసుందో చూడాలి ముందు.

మా నాయనకి ఇప్పుడు డెబ్బై దాటాయి. సాయంత్రం వేపచెట్టు కింద కారు తలుపు తీసుకుని, ముందు సీట్లో తలగుడ్డతో కూర్చుంటాడు. ఊళ్ళోవాళ్ళ కారేదైనా మా వీధిలోకి మళ్ళితే ఆయన కుడిచేయి ఇప్పటికీ కొంచెం కదులుతుంది. సగం దాకా లేస్తుంది. అక్కడాగి, స్టీరింగు పట్టుకుంటుంది.